పదవి లేని పెత్తనం

చెల్లెలు: పదవి లేకుండా పెత్తనం చేసిందని ఎవా పెరోన్ మీద నీకు కోపం. తీసుకోవడానికి పదవి ఎక్కడుందక్కా? ఆవిడ భర్త హువాన్ పెరోన్ అర్జెంటీనా అధ్యక్షుడైంది 1946 జూన్‌లో. అప్పటికి ఆ దేశంలో ఆడవాళ్లకి ఓటే లేదు. ఓటు లేని మనిషిని పట్టుకుని నిన్నెవరు ఎన్నుకున్నారని అడిగితే ఏం చెబుతుంది? తలుపుకి తాళం వేసి, కిటికీలోంచి ఎందుకు దూరావని నిలదీసినట్టుంది.

అక్క: ఆవిడకి ఆశ ఉండటం నాకు తప్పుగా తోచలేదు. మగవాడికుంటే పట్టుదల, ఆడదానికుంటే అత్యాశ అనే లోకం నాకూ తెలుసు. నా బాధ వేరు. మొగుడు ఒకప్పుడు పనిచేసిన కార్మిక శాఖలోనే ఆవిడ ఆఫీసు పెట్టింది. ఏ యూనియన్ నాయకుడు ఉండాలో, ఎవరు పోవాలో ఆవిడ చెబితే జరిగేది. ఎవరికి ఇల్లు, ఎవరికి ఉద్యోగం, ఏ ఊరికి ఆసుపత్రి, అన్నీ ఆ గదిలోనే తేలేవి. ప్రమాణ స్వీకారం లేదు. జీతమూ లేదు. మంత్రినైతే సభలో నిలబెట్టి అడగొచ్చు, ఈవిడని ఎక్కడ అడగాలి? దించాలంటే ఎవరు దించాలి? భర్త ఒక్కడే దించగలడు. ఒక దేశంలో సగం పనులు నడిపిన అధికారానికి కాపురం ఒక్కటే ఆధారం అంటే నాకు భయం వేస్తుంది.

చెల్లెలు: నీ భయం సభలో అడగడానికి నోరున్న వాళ్ల భయం. ఆవిడ ఎక్కణ్నుంచి వచ్చిందో చూడు. 1919 మే 7న, బ్యూనస్ ఎయిర్స్ రాష్ట్రంలో లోస్ తోల్దోస్ అనే పల్లెటూరి దగ్గర పుట్టింది. అయిదుగురు పిల్లల్లో ఆఖరిది. తండ్రికి చివిల్కోయ్‌లో పెళ్లాడిన భార్య, పిల్లలు వేరే ఉన్నారు. 1926లో ఆయన చనిపోతే ఈ తల్లి పిల్లలందరికీ నల్లబట్టలు వేసి అక్కడికి తీసుకెళ్లింది. లోపలికి రానివ్వలేదు. ఎవరో కలగజేసుకున్నాక, గబగబా ఒకసారి మొహం చూసి పాడె వెనక నడవడానికి మాత్రం ఒప్పుకున్నారు. ఆరేళ్ల పిల్ల ఆ రోజు నేర్చుకున్నది ఏ బళ్లోనూ చెప్పరు. పదిహేనేళ్లకి, 1935లో, బ్యూనస్ ఎయిర్స్ చేరింది. చిన్నచిన్న వేషాలు వేసింది, పస్తులున్న రోజులున్నాయి. తర్వాత రేడియోలో చరిత్రకెక్కిన స్త్రీల కథల్లో రాణుల గొంతు పలికింది. 1944 జనవరిలో సాన్ హువాన్ భూకంపం వేలమందిని మింగింది. బాధితుల కోసం లూనా పార్క్‌లో పెట్టిన విరాళాల సభలో పెరోన్ పరిచయమయ్యాడు. ఆ తర్వాత ఎనిమిదేళ్లే బతికింది. ముప్ఫై మూడో ఏట పోయింది. ఆ కాస్త కాలంలో చేసిన పనిని నువ్వు నియమావళి పెట్టి కొలుస్తున్నావు.

అక్క: ఆవిడ పుట్టుక గురించి హేళనగా మాట్లాడిన వాళ్లని నేనూ క్షమించను. కానీ కష్టపడి పైకొచ్చిన వాళ్లకి లెక్క చెప్పే బాధ్యత తగ్గుతుందా? నా దృష్టిలో పెరుగుతుంది.

చెల్లెలు: అంతకుముందు పేదవాళ్లకి దిక్కు ఎవరో చెప్పు. 1823లో పుట్టిన దాతృత్వ సంఘం. డబ్బున్న కుటుంబాల ఆడవాళ్లు నడిపేవాళ్లు. అనాథ పిల్లలకి ఒకే రకం బట్టలు వేసి, తలలు గొరిగించి, చూడగానే అనాథలని తెలిసేటట్టు ఉంచేవాళ్లు. వాళ్లలో ఎవరు ఎవరికి లెక్క చెప్పారు? నూట ఇరవయ్యేళ్లలో ఆ అమ్మగార్లని నిన్నెవరు ఎన్నుకున్నారని ఎవరైనా అడిగారా? అదే పని పేదింటి పిల్ల మొదలెట్టేసరికి అందరికీ రాజ్యాంగం గుర్తొచ్చింది.

అక్క: ఆ సంఘాన్ని ప్రభుత్వం 1946లో చేతిలోకి తీసుకుంది. ఎవా మీద అక్కసుతోనో, ఎవాకి వాళ్ల మీదున్న అక్కసుతోనో జరిగిందని కథలు చెబుతారు. నాకు ఆ కథలతో పని లేదు. పేదల బాగోగులు రాజ్యం చూసుకోవాలి, ధనవంతుల దయకి వదలకూడదన్నది గొప్ప మార్పు. రామోన్ కరీయో అనే నరాల వైద్యుడు ఆరోగ్య శాఖ తీసుకుని దేశమంతా ఆసుపత్రులు కట్టిస్తున్నాడు, ఉత్తరాది రాష్ట్రాల్లో మలేరియాని తరిమేస్తున్నాడు. ఆ దారినే పోవాల్సింది. రెండేళ్లు తిరక్కుండా, 1948 జులైలో, ఎవా తన పేరుతో ఫౌండేషన్ పెట్టింది. పాత అమ్మగార్లు పోయారు, కొత్త అమ్మగారు వచ్చింది. పేదవాడు మాత్రం చెయ్యి చాచే ఉన్నాడు.

చెల్లెలు: కాదక్కా. ఆ గదిలో ఏం జరిగేదో చూస్తే ఆ మాట అనవు. పొద్దున్నే కార్మిక శాఖ మెట్ల మీద జనం. చంటిపిల్లలతో తల్లులు, దూరం ఊళ్ల నుంచి రైలెక్కి వచ్చిన ముసలివాళ్లు. ముందే ఉత్తరం రాసుకుని పిలుపందుకుని వచ్చినవాళ్లు కొందరు, ఊరికే వచ్చినవాళ్లు కొందరు. ఒక్కొక్కరినీ దగ్గర కూర్చోబెట్టుకుని అడిగేది. పిల్లలెంతమంది? ఇంట్లో మంచాలెన్ని? పైకప్పు దేనితో వేశారు? బీదవాడినని ధ్రువపత్రం తెమ్మని అడగలేదు. అడిగింది కుట్టుమిషనైతే, ఆ ఇంట్లో మంచాలు కూడా లేవని మాటల్లో తెలిస్తే, చీటీలో మంచాలూ పరుపులూ కూడా రాయించేది. అర్ధరాత్రి దాటేదాకా కూర్చునేది. ఒళ్లంతా పుళ్లున్న మనుషుల్ని ముద్దు పెట్టుకుంటుంటే పక్కనున్నవాళ్లు భయపడి ఆపబోయారు, వినలేదు. పాత సంఘంలో పేదవాడు తన పేదరికాన్ని రుజువు చేసుకోవాలి. ఇక్కడ చెబితే చాలు. ఆ రెంటికీ ఉన్న తేడా నీకు కనిపించడం లేదంటే నమ్మను.

అక్క: కనిపిస్తోంది. అందులో ఉన్న ఆప్యాయతని నేను కాదనను. ఆవిడ కట్టించిన ఇళ్లలో తలదాచుకోవడానికి వచ్చిన తల్లీబిడ్డల కోసం మంచి కుర్చీలు, లేసు తెరలు పెట్టించిందని చదివినప్పుడు నాకూ గొంతు పట్టేసింది. పేదవాళ్లకి రేకు పళ్లెం చాలని అనుకోని మనిషి. కానీ ఆ గదికి రాలేనివాళ్ల సంగతేమిటి? రైలు టిక్కెట్టుకి డబ్బుల్లేనివాడు, ఉత్తరం రాయడం రానివాడు, పెరోన్ అంటే గిట్టనివాడు? హక్కంటే ఇంటికి నడిచొచ్చేది. దయ దగ్గరికి మనం నడిచివెళ్లాలి.

చెల్లెలు: నడిచొచ్చినవీ ఉన్నాయి. ఆసుపత్రి రైలు వేసి ఊరూరా తిప్పారు. పిల్లల ఫుట్‌బాల్ పోటీలు పెట్టారు, ఎవా ముద్దుపేరు ఎవీటాతో. ఆటలో చేరాలంటే ముందు డాక్టరు పరీక్ష, ఎక్స్‌రే, టీకాలు. ఆ పిల్లల్లో చాలామంది డాక్టరు మొహం చూడటం అదే మొదలు. బంతి ఆశ చూపించి ఊపిరితిత్తులు పరీక్ష చేయించింది. ఇంతకంటే తెలివైన ఆరోగ్య పథకం నాకొకటి చెప్పు. ఇక హక్కులంటావా, 1948 ఆగస్టులో ముసలివాళ్ల హక్కులని పది అంశాలు ప్రకటించింది. తిండి, ఇల్లు, బట్ట, వైద్యం, ఆఖరికి మనశ్శాంతి కూడా. మరుసటి ఏడాది అవి రాజ్యాంగంలోకి ఎక్కాయి. దయగా మొదలుపెట్టి హక్కుగా రాయించింది.

అక్క: ఆ మాట ఒప్పుకుంటున్నాను. దాన్ని తక్కువ చేయను. ఇప్పుడు డబ్బు సంగతికి రా. నేను ఆడిట్‌లో బతికిన మనిషిని, నా కళ్లు అక్కడికే పోతాయి. ఫౌండేషన్‌లో పనిచేసినవాళ్లే 14,000 మంది. కార్మికులందరి జీతాల్లోంచి ఏడాదికి రెండు రోజుల కూలి దానికి పోయేది, మే ఒకటిదీ, అక్టోబర్ పదిహేడుదీ. లాటరీ, కేసినో ఆదాయంలో వాటా వచ్చేది. కంపెనీల దగ్గర్నుంచి విరాళాలు వచ్చేవి. విరాళమంటే ఇవ్వనని చెప్పే వీలుండాలి కదా? మూ-మూ అనే మిఠాయిల ఫ్యాక్టరీ పంపిన సరుకుకి డబ్బులడిగింది. వెంటనే శుభ్రత లేదంటూ తనిఖీలు, జరిమానా. ఫ్యాక్టరీ మూతపడింది. ఆ తర్వాత ఏ కంపెనీ కాదంటుంది? ఇంత డబ్బు వచ్చిపోతుంటే జనం ముందు పెట్టిన జమాఖర్చులేవి?

చెల్లెలు: తిన్నదంటావా?

అక్క: అనను. 1955లో పెరోన్‌ని కూలదోసిన సైన్యం ఆవిడ నగలూ గౌన్లూ జనానికి ప్రదర్శన పెట్టింది. ఫౌండేషన్ డబ్బు సొంతానికి తరలించిందని మాత్రం రుజువు చేయలేకపోయింది. దొంగతనం జరిగిందా అన్నది నా ప్రశ్న కాదు. జరగలేదని తెలుసుకునే దారి జనానికి ఉందా లేదా అన్నదే నా ప్రశ్న. మంచి మనిషి చేతిలో ఉన్నంతసేపూ లెక్కల్లేకపోయినా నడుస్తుంది. చెడ్డ మనిషి వచ్చాక లెక్కలు నేర్పడం కుదరదు.

చెల్లెలు: ఆ మూ-మూ సంగతి సమర్థించను. చేతిలో అధికారం ఉందని ఒక కంపెనీ గొంతు నొక్కడం తప్పే. కానీ ఓటు సంగతి చూడు. మగవాళ్లకి రహస్య ఓటు 1912లోనే వచ్చింది. ఆడవాళ్ల ఓటు బిల్లు 1932లో కింది సభ దాటింది, సెనేట్‌లో పడి కుళ్లింది. 1947 సెప్టెంబర్‌లో చట్టం వచ్చింది, నంబరు 13,010. 1951 నవంబర్ 11న మొదటిసారి ఓటేశారు. ఒక్క దెబ్బకి 23 మంది దిగువ సభకి, ఆరుగురు సెనేట్‌కి, మొత్తం 29 మంది ఆడవాళ్లు వెళ్లారు. ఆ రోజుల్లో ఇంతమందిని పంపిన దేశాలెన్ని?

అక్క: ఇక్కడే నాకు అన్నిటికంటే ఎక్కువ మనసుకి కష్టంగా అనిపిస్తుంది. హూలియేతా లాంతేరి పేరు విన్నావా? డాక్టరు. 1911లో బ్యూనస్ ఎయిర్స్ నగర ఎన్నికల్లో, చట్టంలో ఆడవాళ్లు వద్దని ఎక్కడా రాయలేదు కదా అని వెళ్లి ఓటేసింది. వెంటనే సైన్యంలో పేరు నమోదైనవాళ్లకే ఓటని నియమం మార్చారు. అలాగైతే నన్ను సైన్యంలో చేర్చుకోండని అడిగింది. ఓటు లేకపోయినా 1919లో అభ్యర్థిగా నిలబడింది. అలీసియా మొరో దే హుస్తో, సోషలిస్టు, నలభయ్యేళ్లు ఇదే పని మీద తిరిగింది. 1947లో చట్టం వచ్చిన రోజు వేదిక మీద వీళ్ల పేర్లు ఎవరెత్తారు? చట్టం కాగితం భర్త చేతుల మీదుగా భార్యకి అందింది. దేశంలో ఆడవాళ్లందరి తరఫునా ఆవిడే అందుకుంది. రెండు తరాల పోరాటం ఒకే ఇంటి బహుమతిగా మారిపోయింది.

చెల్లెలు: ఆ పెద్దవాళ్లలో కొందరు ఆ ఓటే వద్దన్నారు. విక్టోరియా ఒకాంపోనే చూడు. మనవాళ్లందరికీ తెలుసు, టాగూరు విజయ అని పిలిచిన ఆవిడ. 1924లో ఆయన జబ్బుపడితే సాన్ ఇసీద్రోలో అతిథిగా ఉంచుకుంది. అంతటి మనిషి 1945లో, సైనిక ప్రభుత్వం ఆర్డినెన్సుతో ఇచ్చే ఓటు మాకక్కర్లేదంది. ఆవిడకి ఓటు లేకపోయినా పత్రిక ఉంది, ప్రచురణ సంస్థ ఉంది, నది ఒడ్డున మేడ ఉంది. మాంసం ఫ్యాక్టరీలో పనిచేసే ఆడదానికి ఏముంది? నియమం ప్రకారం వచ్చేదాకా ఆగమంటే ఎన్నేళ్లాగాలి?

అక్క: ఒకాంపో ఓటు వద్దనలేదు. ఎన్నిక కాని ప్రభుత్వం ఒక్క సంతకంతో ఇచ్చేది, ఇంకో సంతకంతో తీసేస్తుందని భయపడింది. ఆవిడనే 1953లో అరెస్టు చేసి 26 రోజులు జైల్లో పెట్టారు. అప్పటికి ఎవా లేదు, అది ఆవిడ ఖాతాలో వేయను. కానీ ఎవా ఉన్నప్పుడే, 1948లో, ఫ్లోరిదా వీధిలో కొందరు ఆడవాళ్లు జాతీయ గీతం పాడి నిరసన తెలిపారు. వాళ్లలో రచయిత బోర్హెస్ చెల్లెలు నోరా ఉంది, జైల్లో పెట్టారు. డెబ్బై దాటిన తల్లిని ఇంట్లోనే నిర్బంధించారు. జాతీయ గీతం పాడినందుకు! ఆడవాళ్లకి ఓటిచ్చిన ఏడాదికే ఆడవాళ్ల గొంతు మూయించారు. పార్లమెంటుకెళ్లిన ఆ 29 మందీ ఒకే పార్టీ. ఒక్కొక్క పేరూ ఎవా ఖాయం చేసిందే.

చెల్లెలు: ఎంచింది నిజమే. ఎలా ఎంచిందో కూడా చెప్పు. 1949లో మహిళా పార్టీ పెట్టింది. 23 మంది ఆడవాళ్లని తీసుకుని ఒక్కొక్కరినీ ఒక్కో రాష్ట్రానికి పంపింది. ఇల్లూ వాకిలీ వదిలి, ముక్కూమొహం తెలియని ఊరు వెళ్లి, తలుపు తట్టి, పార్టీలో చేరే ఆడవాళ్ల పేర్లు రాసుకుని రావాలి. వాళ్లలో చాలామంది అంతకుముందు ఒంటరిగా రైలెక్కి ఎరగరు. ఊరూరా ఆఫీసులు తెరిచారు, వాటిలోకి మగవాళ్లకి ప్రవేశం లేదు. కుట్టుపని నేర్పారు, చదువు చెప్పారు, పక్కనే రాజకీయం నేర్పారు. ఒక ఆడమనిషి సాయంత్రం ఇంట్లోంచి బయటికొచ్చి మీటింగుకి వెళ్తున్నానని చెప్పగలగడం, ఆ ఊళ్లలో అది ఎంత పెద్ద సంగతో నీకు నేను చెప్పాలా?

అక్క: అక్కర్లేదు. ఆ 23 మంది గురించి ఎంత చెప్పినా తక్కువే. నా మాటల్లా ఒకటే, వాళ్లకి తమలో ఒకరిని నాయకురాలిగా ఎన్నుకునే హక్కు ఉంటే ఆవిడ పోయాక కూడా ఆ పార్టీ సొంత కాళ్ల మీద నిలబడేది. పెరోన్ చేతిలోకి పోయింది.

చెల్లెలు: జైళ్లు, నిర్బంధాలు అంటున్నావు. అవి పెరోన్ పనులు. సిప్రియానో రేయెస్‌ని లోపలేసింది ఆయన పోలీసులు. ప్రతిపక్ష నాయకుడు బాల్బిన్‌ని జైలుకి పంపింది ఆయన కోర్టులు. భార్య కాబట్టి భర్త తప్పులన్నీ మోయమంటావా?

అక్క: మరి భర్త ప్రభుత్వం ఇచ్చిన ఓటు ఖ్యాతి భార్యకి ఎందుకు ఇస్తున్నావే? మంచి జరిగితే ఎవీటా, చెడు జరిగితే పెరోన్ అంటే ఎలా? ఆవిడకి ఏమీ తెలియదు అనుకుంటే ఆవిడ అలంకారం కోసం ఉన్న మనిషి. తెలుసు అనుకుంటే బాధ్యురాలు. నువ్వు ఆవిడని అలంకారం అనుకోవు, నేనూ అనుకోను. అందుకే ఆ రెండో మాటకి కట్టుబడదాం. రేయెస్ సంగతే తీసుకో. 1945 అక్టోబర్ 17న పెరోన్‌ని నిర్బంధం నుంచి విడిపించడానికి జనాన్ని ప్లాసా దే మాయోకి నడిపించిన వాళ్లలో ఆయన ఒకడు. సొంతంగా ఒక కార్మిక పార్టీ ఉండాలన్నందుకు 1948 నుంచి 1955 దాకా జైల్లో మగ్గాడు, చిత్రహింసలు పడ్డాడు. పేదల తల్లి అని పేరున్న ఆవిడ ఒక కార్మికుడి కోసం నోరు తెరవలేదు.

చెల్లెలు: ... అది నిజంగా బరువైన మాట. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆవిడ లోకంలో మనుషులు రెండే రకాలు, పెరోన్ వైపున్నవాళ్లు, ద్రోహులు. చిన్నప్పుడు గుమ్మం బయట నిలబెట్టినవాళ్ల మీద కోపం అలా గడ్డకట్టుకుపోయింది. కానీ ఆ కోపమే లేకపోతే ఆవిడ చేసినవీ జరగవు. ఇప్పటికీ బ్యూనస్ ఎయిర్స్‌లో 9 దే హూలియో రోడ్డు మధ్యలో ఒక ప్రభుత్వ భవనం ఉంది. 2011లో దాని రెండు గోడల మీద ఉక్కుతో ఆవిడ మొహాలు పెట్టారు. కార్మిక వాడలున్న దక్షిణం వైపు నవ్వే మొహం. డబ్బున్నవాళ్ల పేటలున్న ఉత్తరం వైపు మైకు ముందు అరిచే మొహం. మనం వాదించుకుంటున్నది ఆ రెండు గోడల గురించే.

అక్క: ఆ భవనం దగ్గరే కదా 1951 ఆగస్టు 22 సభ జరిగింది.

చెల్లెలు: అవును. కార్మిక సమాఖ్య సీజీటీ పిలిస్తే లక్షల మంది వచ్చారు. ఎవా ఉపాధ్యక్షురాలిగా పోటీ చేయాలని డిమాండు. సాయంత్రమైంది, చీకటి పడింది, కాగితాలు చుట్టి కాగడాలు వెలిగించారు. నాలుగు రోజులు గడువివ్వండంది. వద్దన్నారు. పోనీ రేపటిదాకా అంది. ఇప్పుడే చెప్పమన్నారు. ప్రపంచంలో ఏ నాయకుడూ అలా జనంతో బేరమాడి ఉండడు, వద్దని చెప్పడానికి అనుమతి అడుగుతూ. పక్కనే భర్త ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఆగస్టు 31న రేడియోలో తప్పుకుంటున్నానని చెప్పింది. దాన్ని త్యాగమని పండగ చేశారు. నేను త్యాగమనను. కావాలనుకుంది, అందనివ్వలేదు. ఒక ఆడది ఎప్పుడైనా సైన్యానికి అధిపతి కావచ్చునంటే జనరళ్లకి మింగుడుపడలేదు. నువ్వు పదవి తీసుకోలేదని తప్పుబడుతున్నావు. తీసుకోవడానికి వచ్చిన రోజున ఏం చేశారో చూశావుగా?

అక్క: నా వాదనంతా ఆ రాత్రిలోనే ఉంది. లక్షల మంది కావాలన్నారు. అయినా ఆవిడ అవునని చెప్పలేకపోయింది. ఎందుకు? జనం ఇచ్చిన పదవి ఆవిడకి అంతకుముందు ఒక్కటీ లేదు కాబట్టి. ఆరేళ్లు భర్త నీడలో నిలబడి పనిచేసింది, ఆ నీడ కదిలేసరికి నిలబడటానికి చోటు లేదు. తన పార్టీలో, తన యూనియన్లలో నలుగురు స్వతంత్రంగా నిలబడేవాళ్లని బతకనిచ్చి ఉంటే ఆ రాత్రి ఆవిడ వెనక నిలబడేవాళ్లు. రేయెస్ లాంటివాళ్లు.

చెల్లెలు: రేయెస్ ఉన్నా జనరళ్లు ఊరుకునేవాళ్లు కాదు. నెల తిరక్కుండా, సెప్టెంబర్ 28న, సైన్యంలో ఒక వర్గం తిరుగుబాటుకి దిగింది. పదవి వదులుకున్నాక కూడా.

అక్క: కావచ్చు. అప్పటికే ఆవిడ ఒంట్లో బాగాలేదు.

చెల్లెలు: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. ఆ మాట ఆవిడకి చెప్పలేదు. నవంబర్ 6న ఆపరేషన్ చేసింది అమెరికా నుంచి వచ్చిన సర్జన్. ఆ సంగతి కూడా ఆవిడకి తెలియనివ్వలేదు. దేశంలో ఎవరికేం జరగాలో నిర్ణయించగల ఆవిడకి తన ఒంట్లో ఏం జరుగుతోందో తెలుసుకునే హక్కు లేకపోయింది. అయిదు రోజులకి, అవెయానేదా ఆసుపత్రిలో, మంచం మీద పడుకునే మొదటి ఓటేసింది. పెట్టె బయటికి తెస్తుంటే వానలో నిలబడ్డ ఆడవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని దాన్ని తాకారు. చూసి చలించిపోయానని అక్కడున్న ప్రతిపక్షం మనిషే తర్వాత చెప్పాడు.

అక్క: ఆ ఆడవాళ్ల కన్నీళ్లు నిజం. వాటిని ప్రభుత్వం ఏం చేసిందో అదీ నిజం. ఆవిడ పేరుతో వచ్చిన పుస్తకం, వేరేవాళ్లు రాసిపెట్టింది, 1952లో బళ్లలో పాఠ్యపుస్తకమైంది. మే 7న జాతికి ఆధ్యాత్మిక నాయకురాలని పార్లమెంటు బిరుదిచ్చింది. జులై 26 రాత్రి 8:25కి పోయింది, ఆ రోజు నుంచి రేడియో ప్రతి రాత్రీ ఆ నిమిషాన్ని జనానికి గుర్తుచేసేది. దుఃఖాన్ని కూడా ప్రభుత్వమే పంచిపెడితే, ఏడవని వాడి గతేమిటి?

చెల్లెలు: వానలో మైళ్ల పొడుగు వరసలో నిలబడినవాళ్లని ప్రభుత్వం నిలబెట్టలేదక్కా. శవానికి తర్వాత జరిగింది చూడు. 1955 నవంబర్‌లో సీజీటీ భవనం నుంచి సైనికులు ఎత్తుకుపోయారు. రెండేళ్లు బ్యూనస్ ఎయిర్స్‌లో అక్కడా ఇక్కడా దాచారు. 1957లో ఇటలీ తీసుకెళ్లి మిలాన్ శ్మశానంలో మరియా మాజ్జీ అనే మారుపేరుతో పూడ్చారు. 1971 దాకా ఎక్కడుందో ఇంట్లోవాళ్లకి తెలియదు. 1956 మార్చిలో 4161 నంబరు ఉత్తర్వు ఇచ్చారు. పెరోన్ పేరు, ఎవా పేరు ఎత్తడం నేరం, ఫొటో ఇంట్లో ఉండటం నేరం. చచ్చిపోయిన ముప్ఫై మూడేళ్ల ఆడదానికి ఇంత భయపడ్డారంటే ఆవిడ పంచింది దుప్పట్లూ కుట్టుమిషన్లూ మాత్రమే కాదని వాళ్లకి బాగా తెలుసు.

అక్క: అది నీచం. ఇంకో మాట లేదు. కానీ ఆ కక్షలో పోయింది ఎవరిదో చూడు. బ్యూనస్ ఎయిర్స్‌లో వార్నెస్ రోడ్డు మీద ఫౌండేషన్ పిల్లల ఆసుపత్రి కడుతోంది, లాటిన్ అమెరికాలోనే పెద్దదవుతుందని చెప్పుకున్నారు. 1955లో పని ఆగిపోయింది. తలుపుల్లేని, కిటికీల్లేని ఆ అంతస్తుల్లో ఇల్లులేని కుటుంబాలు దశాబ్దాలు బతికాయి. 1991లో బాంబులు పెట్టి కూల్చేశారు. ఆవిడ పేరుతో కట్టారు కాబట్టి ఆవిడ శత్రువులు వదిలేశారు. అదే ప్రభుత్వ ఆసుపత్రిగా మొదలుపెట్టి ఉంటే?

చెల్లెలు: మరి కరీయో మాటేమిటి? నువ్వు మెచ్చిన మనిషి. ఆయన పనంతా శాఖ ద్వారానే, పద్ధతి ప్రకారమే చేశాడు. ఆయన్నీ వదల్లేదు. ప్రవాసంలో, 1956 డిసెంబర్‌లో, బ్రెజిల్‌లోని బెలేంలో దరిద్రంలో చచ్చిపోయాడు. ముసలివాళ్ల హక్కులు రాజ్యాంగంలో ఉన్నాయి కదా, ఆ రాజ్యాంగాన్నే 1956లో రద్దు చేశారు. పేరు చూసి కాదక్కా వాళ్లు పగలగొట్టింది. ఎవరి కోసం కట్టారో చూసి పగలగొట్టారు.

అక్క: ఆ దెబ్బ నాకు తగిలింది. నా సంస్థలు కూడా సైన్యం ముందు నిలవలేదు, ఒప్పుకుంటాను. అయినా ఓటు మాత్రం నిలిచింది చూశావా? దాన్ని ఎవరూ తీసెయ్యలేకపోయారు, ఎందుకంటే అది అన్ని పార్టీల ఆడవాళ్ల చేతిలోకీ వెళ్లిపోయింది. తర్వాత 1991లో పార్లమెంటు అభ్యర్థుల జాబితాల్లో ఆడవాళ్లకి 30 శాతం తప్పనిసరి అంటూ చట్టం తెచ్చిందీ అన్ని పార్టీల ఆడవాళ్లు కలిసే. ఎవా దారిలో వచ్చింది ఇంకోటి. 1973లో పెరోన్ తన మూడో భార్య ఇసబెల్‌ని ఉపాధ్యక్షురాలిని చేశాడు. ఎవాకి దక్కనిది ఈవిడకి అడక్కుండానే దక్కింది. మరుసటి ఏడాది ఆయన పోతే అధ్యక్షురాలైంది. 1976లో సైన్యం మళ్లీ వచ్చింది.

చెల్లెలు: ఇసబెల్ వెనక జనం లేరు, పెరోన్ ఒక్కడే ఉన్నాడు. అది ఎవా దారి కాదు. నిన్నొకటి అడుగుతా, నిజం చెప్పు. 1949, ఉత్తరాది తుకుమాన్‌లో ఉన్నావు. అమ్మకి దగ్గు, రక్తం పడుతోంది. చేతిలో కాగితం లేదు, తెలిసినవాళ్లు లేరు. ఏ వరసలో నిలబడతావు?

అక్క: ఎవా వరసలోనే. తడుముకోకుండా చెబుతున్నాను. నిలబడి కూడా, కాదు పొమ్మంటే ఎవరితో చెప్పుకోవాలా అని ఆలోచిస్తాను.

చెల్లెలు: కాదు పొమ్మందని ఎవరైనా చెప్పారా?

అక్క: చెబితే వేసే పత్రిక ఏది? లా ప్రెన్సాని 1951లో యజమానుల దగ్గర లాక్కుని సీజీటీకి అప్పజెప్పారు.

చెల్లెలు: అంతకుముందు లా ప్రెన్సా మొదటి పేజీ నిండా చిన్న ప్రకటనలే ఉండేవి. పనిమనిషి కావలెను అన్న చోట తప్ప, ఆ మెట్ల మీద నిలబడ్డ ఆడవాళ్లు ఆ పత్రికలో ఎక్కడున్నారక్కా?